మంచు వాలు మీద మెళకువలు



స్కీయింగ్‌కు కొత్తవారిలో చాలామంది వాలు చూడగానే భయంతో వెనక్కి ఒరుగుతారు. బరువు మడమల మీదికి పోతే స్కీల ముందు భాగానికి పట్టు ఉండదు, మలుపు చేజారిపోతుంది. మోకాలి కింద కాలి ముందువైపు బూటు ముందు భాగానికి ఆనుతూ ఉండాలి. మలుపు తిరిగేటప్పుడు బరువు బయటివైపు స్కీ మీద పడాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి చాలావరకు వాటి వెంటే వస్తాయి. అయితే బరువు ఎక్కడ పడుతోందో నేర్చుకునేవారికి తమంతట తాముగా తెలియదు. అందుకే పుస్తకాల కన్నా, వీడియోల కన్నా ముందు శిక్షకుడు కావాలి.

గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవారికి మన దేశంలోనే మంచి చోట్లున్నాయి. 1961లో మనాలిలో మొదలై, ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరుతో ఉన్న పర్వతారోహణ సంస్థ, చలికాలంలో సోలంగ్ లోయలో ప్రాథమిక, మధ్యమ, ఉన్నత స్థాయి కోర్సులు నడుపుతుంది. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ శిక్షణ సంస్థ ఉంది. ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ శిక్షణ ఇస్తుంది. 2023లో దాని దగ్గరి జోషీమఠ్‌లో నేల కుంగింది కనుక అక్కడి ఏర్పాట్లు ముందే కనుక్కోవాలి. హైదరాబాద్ స్నో వరల్డ్‌లో చలి తెలుస్తుంది గానీ మలుపులు సాధన చేసేంత వాలు లేదు.

వారం కోర్సు కన్నా రెండు వారాల కోర్సే మేలు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున పెరిగినవారికి, రెండున్నర వేల మీటర్లు దాటిన గుల్మార్గ్‌లో ఊపిరి సర్దుకోవడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. నేర్చుకునే వరుస ఇది: ముందు పడి లేవడం, స్కీల ముందు కొసలు దగ్గరచేసి వేగం తగ్గించే స్నోప్లౌ, ఆ తర్వాతే రెండు స్కీలూ సమాంతరంగా తిరిగే పారలల్ టర్న్. నిటారు వాలుకు తొందరపడినవారికి మళ్లీ వెనక్కి ఒరిగే అలవాటే గట్టిపడుతుంది. తేలిక వాలు మీద నెమ్మదిగా వంద మలుపులు తిరగడాన్ని మించిన సాధన లేదు.

ఈ విద్యకు పుస్తకం కొత్త కాదు. ఆస్ట్రియాలో మథియాస్ జ్డార్‌స్కీ 1896లోనే తన పద్ధతిని అచ్చువేయించాడు. ఇప్పటివారికి రాన్ లెమాస్టర్ 1998లో తెచ్చిన ‘ద స్కీయర్స్ ఎడ్జ్’ ఒక్కటి చాలు. ఒకే మలుపును వరుస ఫొటోలుగా కూర్చి, ఏ క్షణంలో ఏ కాలు ఏం చేస్తోందో, ఏ బలం ఎటు లాగుతోందో అందులో విడమరిచాడు. మొదటి కోర్సుకు ముందు చదివితే సగమే తలకెక్కుతుంది. తర్వాత చదివితే ప్రతి ఫొటో కాళ్లకు తెలుస్తుంది. భయం వదలనివారికి టిమోతీ గాల్వే, బాబ్ క్రీగెల్ 1977లో రాసిన ‘ఇన్నర్ స్కీయింగ్’ ఉంది.

నెట్‌లో వీడియోలకు లోటు లేదు. అర్హత పొందిన శిక్షకులు చేసినవే చూడాలి. వాటికన్నా సొంత వీడియో ఎక్కువ నేర్పుతుంది. తోటివారి చేత ముందు నుంచి, పక్క నుంచి ఫోన్‌లో తీయించుకుని, రాత్రి చూసుకుని, మర్నాడు ఒక్క లోపాన్నే దిద్దుకోవాలి.

ఇంటి దగ్గర చేయవలసింది తొడల బలం పెంచుకోవడం. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్లు ఎక్కడం కన్నా నిదానంగా దిగడం ఇందుకు బాగా పనికొస్తుంది. నున్నటి రోడ్డు మీద ఇన్‌లైన్ స్కేట్లు వేసుకుంటే ఒక కాలి నుంచి మరో కాలికి బరువు మార్చడం అలవాటవుతుంది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను సొంతంగా బిగించుకోకూడదు. మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు పొడవు చూసి తెలిసినవారే సరిచేయాలి. మరీ బిగువుగా ఉంటే పడినప్పుడు స్కీ ఊడదు. ఆ మెలి మోకాలి లిగమెంటు మీద పడుతుంది.