పార్సెలు జాడ తెలియుటలో నాలస్యమేల?

విద్యార్థులారా, ఇంటనుండియే ఫోనుమీద వస్తువులు కొనుట నేడు పల్లెలలో గూడ సామాన్యమైనది. సొమ్ము చెల్లించిన కొలది కాలమునకే “మీ వస్తువు పంపబడినది” అను వార్తయు, దానితో నొక సంఖ్యయు వచ్చును. ఆ సంఖ్యతో వెదకి చూచినచో, నొక్కొక్కప్పుడు రెండు మూడు దినములవఱకు నే వివరమును గానరాదు. అంతట కొందఱు సొమ్ము పోయెనేమో యని దిగులు పడుదురు. కొందఱు వస్తువును దెచ్చువానిని నిందింతురు. మఱికొందఱు మోసగాండ్ర మాటలు నమ్మి, యున్న సొమ్మును గూడ బోగొట్టుకొందురు. కావున నీ యాలస్యమునకు గల కారణములను దెలిసికొనుట పిల్లలకును బెద్దలకును నవసరమని మేము తలంచుచున్నాము.

మొదట గ్రహింపవలసిన దేమనగా, సామాన్యమైన పార్సెలు తానున్న చోటును తాను చెప్పనేరదు. దానిపై నంటించిన కాగితముమీద సన్నవియు లావువియు నగు నల్లని గీతలు కొన్ని యుండును. దీనినే బార్‌కోడందురు. దీనికి అమెరికాలో వుడ్‌ల్యాండు, సిల్వరు అను నిరువురు 1952లో పేటెంటు పొందిరి. ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున 1974 జూన్ 26వ తేదీని అంగడివస్తువులమీది బార్‌కోడును మొదటిసారి స్కానరుతో చదివి యమ్మకము చేసిరి. ఎవరైన స్కానరుతో నీ గీతలను జదివినప్పుడు మాత్రమే పార్సెలు జాడ లెక్కలోని కెక్కును. రైలుబండి స్టేషను దాటినప్పుడు స్టేషనుమాస్టరు వేళను వ్రాసికొనును. రెండు స్టేషన్ల నడుమ బండి పరుగెత్తుచుండగా పుస్తకములో గ్రొత్త వ్రాత యుండదు. అంతమాత్రమున బండి నిలిచిపోయెనని యెవరును దలంపరు గదా! అట్లే ఫోనులో మనము చూచునది పార్సెలు ఇప్పుడున్న చోటు గాదు. అది కడపట చదువబడిన చోటు.

ఇక నాలస్యమునకు గల కారణములను వరుసగా జూతము.

మొదటిది: అమ్మువాడు కాగితము నచ్చువేసి యంటించినతోడనే సంఖ్య పుట్టును, “పంపబడినది” అను వార్తయు పెక్కుసారు లప్పుడే మనకు వచ్చును. కాని వస్తు వింకను వాని గిడ్డంగిలోనే యుండవచ్చును. దానిని మోసికొనిపోవువారు వచ్చి, తీసికొని, చదివినప్పుడు గాని మొదటి వివరము గానరాదు. నడుమ ఆదివారమో, పండుగయో వచ్చినచో నీ యెడము మఱింత పెరుగును.

రెండవది: ఒకే యూరికి గాని, యొకే దిక్కునకు గాని పోవు వస్తువుల నన్నింటిని నొక సంచిలో వేసి, మూతి బిగించి, సంచికి వేఱొక బార్‌కోడు తగిలింతురు. హైదరాబాదునుండి చీరాలకు బోవు పుస్తకమును దలంచుకొనుడు. అది సంచిలో నుండగా, దారిలో సంచి గుర్తును జదువుదురే గాని లోపలి పుస్తకమును దీసి చదువరు. సంచి విప్పినప్పుడే పుస్తకమునకు మరల వంతు వచ్చును.

మూడవది: చదివిన వివర మెల్లప్పుడు నాక్షణమే మన ఫోనునకు జేరదు. పార్సెలు నిచ్చువాని చేతనున్న యంత్రమునకు మారుమూల గ్రామములలో సంకేతము దొరకనిచో, వివర మా యంత్రములోనే నిలిచియుండి, సంకేతము దొరకిన పిదప బోవును. ఒక సంస్థవారు మోసి, వేఱొక సంస్థవారు పంచుచోట నొకరి లెక్కలు మఱొకరికి జేరుటకు గూడ గొంత కాలము పట్టును.

నాలుగవది: విదేశములలోని మన పిల్లలకు పచ్చళ్లును బట్టలును బంపువారికి దెలిసినదే. వస్తువు మన దేశము విడిచిన పిదప, నావలి దేశమున సుంకపు టధికారుల తనిఖీ ముగియువఱకు గ్రొత్త వివర మేమియు రాకపోవచ్చును.

ఇచట నొక చిన్న లెక్క నేర్చికొందము. సంఖ్యను దప్పుగా నొత్తినను “వివరములు లేవు” అనియే రావచ్చును. తప్పు మనదో, ఆలస్యము వారిదో తెలియు టెట్లు? స్పీడుపోస్టు మొదలగు తపాలా వస్తువులకు అంతర్జాతీయ నియమము ననుసరించి మొదట రెండక్షరములు, నడుమ తొమ్మిదంకెలు, తుద రెండక్షరములు నుండును. తుది యక్షరములు దేశమును దెలుపును. మన దేశమునకవి ‘ఐ, ఎన్’. తొమ్మిదంకెలలో గడపటిది పరీక్షాంకె. మొదటి యెనిమిదంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 చేత గుణించి కూడవలెను. మొత్తమును 11 చేత భాగించి, శేషమును 11 నుండి తీసివేయగా వచ్చునదే పరీక్షాంకె. 10 వచ్చినచో 0 అనియు, 11 వచ్చినచో 5 అనియు గ్రహింపవలెను. 12345678 నెత్తుకొందము. లబ్ధములు 8, 12, 12, 8, 15, 30, 63, 56, మొత్తము 204, శేషము 6, పరీక్షాంకె 5. ఒక యంకె మాఱినను, రెండంకెలు తారుమారైనను చాలవఱకు నీ లెక్క పట్టుకొనును. లెక్క సరిపోయినచో నొకటి రెండు దినములు నిదానించుట మంచిది.

ఈ నిదానము లేనివారినే మోసగాండ్రు వెదకుదురు. “మీ చిరునామా సరిగా లేదు, పార్సెలు నిలిచిపోయినది, ఈ లింకు నొత్తి స్వల్పమైన రుసుము చెల్లింపుడు” అని తపాలాశాఖ పేర నకిలీ వార్తలు పంపుదురు. అట్టి లింకు నొత్తరాదు. ఓటీపీ నెవ్వరికిని జెప్పరాదు. సంఖ్యను మనమే స్వయముగా ఆ సంస్థవారి సొంత వెబ్‌సైటులో వ్రాసి చూచుకొనవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. చదువురాని తాతలకును, అవ్వలకును నీ సంగతి చెప్పవలసినవారు మీరే.

నిదాన మనగా నూరకుండుట గాదు. చెప్పిన గడువు దాటినచో మొదట అమ్మినవాని నడుగవలెను. 2020 నాటి ఈ-కామర్సు నియమములను బట్టి, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో దెలుపవలెను. ఒక మాసములో దానిని బరిష్కరింపవలెను. అప్పటికిని దారి దొరకనిచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 కలదు. అంతేకాని, గుమ్మములోనికి వచ్చిన కుఱ్ఱవానిని గద్దించుట న్యాయము గాదు. సంచి యెచ్చట నిలిచినదో వాడెఱుగడు. ఎండలో దిరిగి మన వాకిటికి దెచ్చినందుకు వానికి మంచినీళ్లిచ్చుట మర్యాద.

ఇక 47312482 అను సంఖ్యకు తొమ్మిదవ యంకె యేదియో విద్యార్థులు పలకమీద వేసి కనుగొని, ఆ లెక్కను ఇంటికడ తల్లిదండ్రులకు గూడ నేర్పుదురుగాక.