ఆట యంత్రములో నాలుగక్షరాల తాళం

గత విద్యా సంవత్సరంలో ఒకనాటి మధ్యాహ్నం బి.కాం. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు బూడిద రంగు పెట్టెను గుడ్డలో చుట్టుకొని అధ్యాపకుల గదికి వచ్చినాడు. అది సోనీ సంస్థవారి మొదటి ప్లేస్టేషన్, అనగా టెలివిజన్‌కు తగిలించి వీడియో ఆటలు ఆడుకొనే యంత్రం. దుబాయిలో పని చేసిన అతని పెద్దన్న చాలా ఏండ్ల క్రిందట అక్కడ కొని తెచ్చినది. చికాగోలో ఉన్న మేనమామ ఇల్లు మారుతూ, తన పిల్లలు ఆడి వదలిన ఆట డిస్కులు ఇరవై పంపినాడు. అన్నీ అసలైనవే, డబ్బిచ్చి కొన్నవే. అయినను యంత్రం వాటిలో ఒక్కదానిని కూడ అంగీకరించలేదు. "సార్, దీనికి చిప్ వేయించాలంటున్నారు. ఏ చిప్ వేయించాలి?" అని అతడు అడిగినాడు.

తెలుగు పాఠం చెప్పుకొనే మమ్మల్ని ఈ ప్రశ్న అడగడం చూచి మిత్రులు నవ్వినారు. కాని సాయంకాలం వేళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో పాత రేడియోలు విప్పి కూర్చునే దురలవాటు మాకున్నదని విద్యార్థులకు తెలుసును. అతనికోసం తెలిసికొన్న విషయాలు తక్కినవారికి కూడ ఉపయోగపడగలవని తలచి ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఆ తాళం ఎట్టిదో తెలియవలెను. ప్లేస్టేషన్ జపానులో 1994 డిసెంబరులోను, అమెరికా, యూరపులలో 1995 సెప్టెంబరులోను విడుదలైనది. ఆటలు కాంపాక్ట్ డిస్కుల మీద వచ్చేవి. డిస్కు మీద సమాచారం లోపలి అంచునుండి వెలుపలికి చుట్టలు చుట్టలుగా సాగే ఒకే దారిలో ఉంటుంది. లేజరు కిరణం ఆ దారిని పట్టుకొని పోతూ చదువుతుంది. సోనీవారు చేసిన ఉపాయమేమనగా, డిస్కు మొదట్లో, ఆట ఇంకను ప్రారంభం కాకమునుపే ఉండే భాగంలో, ఆ దారిని నిటారుగా పోనీయక సన్నని వంకరలు తిప్పినారు. ఆ వంకరలు ఒక పద్ధతి ప్రకారం ఉండి, సెకనుకు 250 బిట్ల చొప్పున నాలుగు రోమను అక్షరాలను పలుకుతాయి. మొదటి మూడక్షరాలు సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే పేరులోని ఎస్, సి, ఇ. నాలుగవది జపాను డిస్కుకు ఐ, అమెరికా డిస్కుకు ఎ, యూరపు డిస్కుకు ఇ. యంత్రం తన ప్రాంతపు మాట వినబడితేనే ఆటను మొదలు పెడుతుంది.

ఇంటిలో కంప్యూటరుతో డిస్కును నకలు తీసినప్పుడు ఆటలోని సమాచారమంతా వస్తుంది గాని ఆ వంకరలు రావు. ఖాళీ డిస్కు మీద దారి కర్మాగారంలోనే ముందుగా గీయబడి ఉంటుంది. వ్రాసే యంత్రం దాని ఆకారాన్ని మార్చలేదు. అందుచేత నకలు డిస్కు నోరు లేనిదై పోతుంది. అమెరికా డిస్కు సంగతి వేరు. దానికి నోరున్నది, మాటయే వేరు. యూరపు నమూనా దగ్గర ఈ రెండింటికీ ఒకే గతి. గోలకొండ ద్వారం దగ్గర కావలివాడు దొంగను, పొరుగు రాజ్యపు పెద్దమనిషిని ఒకే విధంగా వెనుకకు పంపినట్లున్నది ఈ వ్యవహారం.

ఇక చిప్ చేసే పని యంత్రాన్ని పగులగొట్టడం కాదు. లేజరు వినవలసిన ఆ నాలుగక్షరాలను తానే తీగ మీద పలకడం, అంతే. 1990లలో ఇందుకు ఎక్కువగా వాడినది పిక్ 12సి508 అనే ఎనిమిది కాళ్ళ మైక్రోకంట్రోలరు. అందులో వ్రాయదగిన ఆజ్ఞలు 512 మాత్రమే, జ్ఞాపకానికి 25 బైట్లు. తాళం ఎంత చిన్నదో దీనిని బట్టియే ఊహింపవచ్చును. ఈనాడు అదే పనిని ఆర్డినో జాతి బోర్డులతోను, ఏటీటైనీ చిప్‌లతోను చేయడానికి పీఎస్‌నీ అనే ప్రోగ్రాం ఉన్నది. దానిని ఎవరైనను ఉచితంగా తీసికొని, చదివి, సవరించుకొనవచ్చును. కనుక నేడు చిప్ కొనడం కంటె, ఖాళీ చిప్ తెచ్చి ప్రోగ్రాం వ్రాసికొనడమే మేలని మా అభిప్రాయం. ఏమి చేస్తున్నదో తెలియని వస్తువును యంత్రంలో పెట్టడం కంటె, చదివి పెట్టడం మంచిది గదా.

ఇంతవరకు వచ్చేసరికి మా ప్రయోగశాలలో జరుగుతున్న పని కళాశాల కమిటీ పెద్దలలో ఒకరి చెవిని పడినది. "ఇది దొంగతనం కాదా మాస్టారూ?" అని వారు సూటిగా అడిగినారు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయక, ఆ సాయంకాలం పని ఆపినాము.

ఈ ప్రశ్న మీద ఆస్ట్రేలియాలో పెద్ద వ్యాజ్యమే నడిచినది. సిడ్నీలో ప్లేస్టేషన్ చిప్‌లు అమ్మి, అమర్చిన స్టీవెన్స్ అనే ఆయన మీద సోనీవారు దావా వేసినారు. 2002లో మొదటి తీర్పు ఆయన పక్షాన వచ్చినది. 2003లో అప్పీలు న్యాయస్థానం దానిని త్రిప్పివేసినది. 2005 అక్టోబరు 6న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఆరుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో మరల స్టీవెన్స్ పక్షమే తీర్పు చెప్పినారు. వారి తర్కం గమనింపదగినది. ఆ తాళం నకలు తీయడాన్ని ఆపడం లేదు, నకలు తీసిన తరువాత దానిని ఆడనీయడం లేదు. కాబట్టి అది అప్పటి చట్టం చెప్పిన రక్షణ సాధనం కాదు. అంతే కాక, ఒక దేశంలో కొన్న ఆటను మరొక దేశంలో ఆడనీయకపోవడం గ్రంథస్వామ్యంలో భాగమేనా అనే ప్రశ్న కూడ ఆ వ్యాజ్యంలో చర్చకు వచ్చినది. తరువాత 2006లో ఆస్ట్రేలియా చట్టాన్ని కఠినం చేసినను, మార్కెట్టును ప్రాంతాలుగా విభజించడానికే ఉన్న తాళాలను ఆ నిర్వచనం నుండి విడిచిపెట్టినది. అమెరికాలో 1998 నాటి చట్టం వైఖరి దీనికంటె చాల కఠినం.

మన దేశంలో 1957 నాటి గ్రంథస్వామ్య చట్టానికి 2012లో 65ఎ అనే సెక్షను చేర్చినారు. రక్షణ సాధనాన్ని తప్పించుకొన్నవారికి రెండేండ్ల వరకు జైలు, జరిమానా అందులో ఉన్నవి. కాని ఆ సెక్షనులో ఒక మాట ఉన్నది: హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో అట్లు చేసినప్పుడు. ఉద్దేశం అనే ఆ ఒక్క మాట మీద భారమంతా ఉన్నది. మా విద్యార్థి మేనమామ కొని ఇచ్చిన డిస్కులు వేరు, ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్మే నకళ్ళు వేరు. అదే చిప్ రెండింటికీ తలుపు తీస్తుంది, దానికి వివేచన లేదు. ఈ సంగతి కమిటీవారికి విన్నవించి, నకలు డిస్కు ఒక్కటి కూడ ప్రయోగశాల గడప దాటి రాకూడదనే షరతు మీద అనుమతి పొందినాము. షరతు న్యాయమైనదే.

ఇప్పుడు చిప్ ఎంపిక. యంత్రం అడుగున చీటీ మీద నమూనా సంఖ్య ఉంటుంది. చివరి అంకె 0 అయిన జపాను, 1 అయిన అమెరికా, 2 అయిన యూరపు పద్ధతి. దుబాయి పెట్టె మీద 7502 ఉన్నది. కాని చీటీని నమ్మి ఊరుకొనరాదు. ఒకే నమూనా సంఖ్య క్రింద వేరువేరు బోర్డులు వచ్చిన సందర్భాలున్నవి. మూత విప్పి బోర్డు మీద అచ్చయిన పేరునే చూడవలెను: పీయూ-8, పీయూ-18, పీయూ-20, పీయూ-22, పీయూ-23 మొదలైనవి. 2000లో వచ్చిన చిన్న పీఎస్‌వన్‌లో పీఎం-41. తీగలు తగిలించవలసిన చోట్లు ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క తీరు. మావాని పెట్టెలో పీయూ-22 కనబడినది.

రెండవది, చిప్ వాచాలమా, మితభాషియా అని చూడవలెను. పాత చిప్‌లు యంత్రం ఆన్ చేసినది మొదలు ఆపేవరకు ఆ నాలుగక్షరాలను ఎడతెగక పలుకుతూనే ఉండేవి. ఆటల తయారీదారులు దీనిని పసిగట్టినారు. డిస్కు మీద ఆ మాట ఉండకూడని చోట కూడ అది వినబడితే, చిప్ ఉన్నదని తెలిసికొని ఆగిపోయే ఆటలు తరువాత వచ్చినవి. అప్పుడు మొదట పలికి, ఆపై నోరు మూసికొనే చిప్‌లు పుట్టినవి. పీఎస్‌నీ మరికొంత తెలివైనది. లేజరు డిస్కు మీద ఎక్కడున్నదో గమనించి, పలకవలసిన చోటనే పలుకుతుంది. వాచాల చిప్‌ను ఎవరైనా చవకగా ఇచ్చినను తీసికొనవద్దు. యూరపు పద్ధతి పీఎస్‌వన్ 102 నమూనాకు ఈ నాలుగక్షరాలు చాలవు. అందులోని మూల ప్రోగ్రాం కూడ ప్రాంతాన్ని పరిశీలిస్తుంది కనుక దానికి వేరు తీగలు, వేరు ఉపాయం కావలెను. మొదటిసారి చేసేవారు దాని జోలికి పోకుండుట మంచిది.

అమర్చడంలో అపాయం విద్యుత్తుతోనే. పెద్ద ప్లేస్టేషన్‌లో ఇంటి కరెంటు నేరుగా పెట్టెలోని విద్యుత్ బోర్డు మీదికి వస్తుంది. తీగ పీకిన తరువాత కూడ అందలి కెపాసిటరు కొంతసేపు షాకు కొట్టగలదు. ఆ బోర్డును తీసి దూరంగా పెట్టవలెను. జపాను పెట్టె 100 వోల్టులకు, అమెరికా పెట్టె 120 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టులకు నేరుగా తగిలించితే చిప్ అవసరమే ఉండదు, పెట్టెయే ఉండదు.

మన ఊళ్ళలో ఇత్తడి బిందెలకు మాటు వేసేవారిని పెద్దలు చూచియే ఉందురు. ఉర్దూలో దానిని టాంకా అంటారు. ఇది అదే విద్య, కాని సూది మొన మీద చేయవలసినది. 25 వాట్లకు మించని కుట్టుకోల వంటి సన్నమొన సోల్డరింగ్ ఐరన్, వెంట్రుకవంటి తీగ, బోర్డు మీద చుక్కను రెండు క్షణాలకంటె ఎక్కువ తాకనీయని ఓర్పు కావలెను. మేము మొదట హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో కొన్న పాత పెట్టె మీద చేయి సాధించినాము. రెండు కాళ్ళ నడుమ ఆవగింజంత సీసం కారి కలిసిపోయినది మాకు కనబడలేదు. కరెంటు ఇచ్చినంతనే ఆ పెట్టె ఎప్పటికీ లేవకుండ పోయినది. తప్పు మాదే, కళ్ళద్దాలు ఇంటివద్ద మరచినాము. అప్పటినుండి భూతద్దంతో చూచి, మీటరుతో పక్క పక్క కాళ్ళను పరీక్షించి, చిప్ విద్యుత్తు తీసికొనే చోట వోల్టేజి కొలిచి, ఆ తరువాతనే తీగలు వేస్తున్నాము.

రెండు సాయంకాలాలలో మావాని పెట్టెకు పని పూర్తి అయినది. అమెరికా డిస్కు పెట్టగా నల్లని తెర మీద సంస్థ చిహ్నం వచ్చి ఆట మొదలైనది. కాని బొమ్మలో రంగు లేదు. భారతదేశంలో 1982లో రంగుల ప్రసారం మొదలైనది పాల్ పద్ధతిలో. అందులో సెకనుకు 50 సార్లు తెర నిండుతుంది. అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సుమారు 60 సార్లు. ప్రయోగశాలలోని పాత టెలివిజన్ బొమ్మను పట్టుకొన్నది గాని రంగు సంకేతాన్ని గుర్తింపలేకపోయినది. దానిని చిప్ సరిచేయదు. రెండు పద్ధతులూ తెలిసిన మరొక టెలివిజన్‌ను మిత్రులొకరు తమ ఇంటినుండి మోయించి తెచ్చినారు. దానిమీద రంగులు వచ్చినవి. ఇరవై డిస్కులలో పదునెనిమిది ఆడినవి. తక్కిన రెండు మేనమామ పిల్లల చేతిలో గీతలు పడినవి.