అమ్మలుకు, ప్రాకృతం గురించి



సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది పిల్ల పరీక్షల ముందు ప్రాకృత శాసనాల బ్రాహ్మీ లిపి దిద్దుకుంటూ కూర్చుంటోందని మీ నాన్న ఒకటే కంగారు. నీ ఉత్తరం చదివి నేను మాత్రం సంతోషించాను. ప్రాకృతం నేర్చుకో తల్లీ. కాలేజీ మానేసి అందులోనే ఎమ్మే చేస్తానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఇంజనీరింగ్ పూర్తి చెయ్యి.

"నా సబ్జెక్టు కాదు కదా, నన్నెవరు పట్టించుకుంటారు" అన్నావు. బ్రాహ్మీని విప్పి చదివిన జేమ్స్ ప్రిన్సెప్ కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యం పరీక్షించే ఉద్యోగి. 1837లో సాంచీ స్తూపం ప్రాకారపు రాళ్ల మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు ముందేసుకుని చూస్తే, దాదాపు అన్నీ ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయి. ఇంతమంది విడివిడిగా చెక్కించారంటే ఇవి దానాలే అయ్యుండాలి, చివరి మాట 'దానం' అయ్యుండాలి అనుకున్నాడు. అలా ద, న చిక్కాయి. వాటి వెంట మిగతావీ వచ్చాయి. రోజూ తూకాల్లో తేడా పట్టే మనిషి చూపు అది. తమిళ బ్రాహ్మీ శాసనాలకు జీవితం ధారపోసిన ఐరావతం మహదేవన్ కూడా అంతే, ఐఏఎస్ అధికారి.

నీ చదువూ అలాగే అక్కరకొస్తుంది. అమరావతిలో విధికుడనే చర్మకారుడి శాసనం దొరికింది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి ఇచ్చాడు. రాజుల ప్రశస్తులు ఎన్ని చదివినా నా మనసు ఈ ఇంటి దగ్గరే ఆగుతుంది. రెండువేల ఏళ్ల కిందటి చెప్పులు కుట్టే ఇల్లు, ఇంటిల్లిపాదీ ఒక రాయి మీద! ఆ పలకను ఎలా నిలబెట్టారు, అక్షరాలు ఎంత ఎత్తున పడ్డాయి, ప్రదక్షిణ చేసేవాళ్ల కంటికి ఆనేవా? వ్యాకరణం ఒక్కటే చదివినవాళ్లకు ఈ ప్రశ్నలు తట్టవు. నీకు తడతాయి.

ఇక ఎలా మొదలుపెట్టాలంటే, ముందు అశోకుడి నాటి అక్షరాలు నేర్చుకో, తర్వాత సాతవాహనులవి. భట్టిప్రోలు ధాతు పేటికల మీది రాతలు అప్పుడే వద్దు, అక్కడ కొన్ని అక్షరాల తీరే వేరు. వ్యాకరణానికి వూల్నర్ రాసిన ప్రాకృత ప్రవేశిక చాలు, 1917 నాటిదైనా ఇప్పటికీ పనికొస్తుంది. ద్వివచనం బెడద లేదు కాబట్టి సంస్కృతమంత భయపెట్టదు. గాథాసప్తశతి చదవాలన్న తొందర తెలుసు కానీ ఏడాది ఆగు. అది మహారాష్ట్రీ ప్రాకృతం. అందులో అచ్చుల మధ్య హల్లులు జారిపోయి, ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కొత్తవాళ్లకు అంతు చిక్కదు. దాన శాసనాలైతే పొట్టివి. ఒక్కోటి చేత్తో దించుకో, మాటలు విడగొట్టు, ఆ తర్వాతే అచ్చులో ఉన్న పాఠంతో సరిచూసుకో. ముందే చూశావా, నేర్చుకున్నది ఏమీ మిగలదు.

రోజూ పొద్దున అరగంట చాలు, నిద్ర మానుకుని మాత్రం చదవొద్దు. ప్రిన్సెప్ రాత్రీ పగలూ పనిచేసి ఒళ్లు గుల్ల చేసుకుని, 1840లో నలభై ఏళ్లకే పోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది నాకు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. సెలవులకి రా, అమరావతి మ్యూజియంకి వెళ్దాం. నువ్వు దించుకున్న పాఠాల నోటుపుస్తకం మర్చిపోకుండా తెచ్చుకో.

మీ పెదనాన్న