ఒక్కసారి వచ్చిన 98

సమస్య



నా వయసు 58. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి మూడేళ్ల కిందట ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాను. హైదరాబాద్‌లో ఉంటాం. ఒక మిత్రుడు గోల్కొండ కోట పక్కనున్న గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్లి చేతికి సెవెన్ ఐరన్ ఇచ్చాడు. ఎనిమిది దెబ్బలు గాలికి పోయాయి. తొమ్మిదోది సరిగ్గా మధ్యలో తగిలి బంతి అలా పైకి లేచింది. చేతికి ఏమీ తగిలినట్టే లేదు. ఆ ఒక్క దెబ్బకి ఈ ఆటలో పడిపోయాను.

వారానికి రెండు రోజులు ఆడతాను. ఇంకో మూడు రోజులు ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లి పూటకి వంద బంతులు కొడతాను. అయినా స్కోరు 110 దగ్గరే ఉంది, తగ్గడం లేదు. పోయిన డిసెంబరులో ఒక్కసారి 98 వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. ఇక వంద దాటే ప్రసక్తే లేదనుకున్నాను. తర్వాతి ఆదివారం 114. అప్పటి నుంచి వంద లోపు మళ్లీ చూడలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి పట్టు మార్చాను, నిలబడే తీరు మార్చాను, డ్రైవర్ క్లబ్బు కూడా కొత్తది కొన్నాను. రేంజ్‌లో బంతులు బాగానే వెళ్తాయి. కోర్సులో టీ మీదికి వచ్చేసరికి ఆ చేతులు నావి కావేమో అనిపిస్తుంది.

పదిహేను రోజుల కిందట వరసగా రెండు బంతులు నీళ్లలో పడ్డాయి. క్లబ్బు విసిరేశాను. మా క్యాడీ నాకంటే పెద్దవాడు. "ఏం గాదు సార్, ఇంకో బాల్ ఉన్నది గదా" అన్నాడు. "నోరు మూసుకో" అని అరిచాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి, క్లబ్బు తెచ్చి, అంటిన మట్టి తుడిచి బ్యాగ్‌లో పెట్టాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు.

"హాయిగా ఉంటుందనేగా మొదలుపెట్టారు, ఆ హాయే లేనప్పుడు మానేయండి" అంటోంది మా ఆవిడ. మానేయమంటారా? ఈ వయసులో ఇక రాదా?

— ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా

మానేయకండి. వయసు అడ్డం కాదు. ఇప్పుడు ఆడుతున్న పద్ధతి అడ్డం. నేనూ పదకొండేళ్లుగా ఆడుతున్నదాన్నే, మీరు రాసిన ఆదివారాలు నాకూ తెలుసు.

మిమ్మల్ని బాధపెడుతున్నది 114 కాదు, 98. ఆ రోజు వచ్చిన అంకెనే మీ స్థాయి అనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారమూ మీకు బాకీ పడ్డట్టే కనిపిస్తోంది. ఆట మాత్రం అలా లెక్కపెట్టదు. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతిలో చివరి 20 రౌండ్లలోంచి మంచివి 8 తీసుకుని వాటికే సగటు కడతారు. మిగిలిన 12 లెక్కలోకి రావు. అంటే హ్యాండీక్యాప్ అన్నది బాగా ఆడిన రోజుల కొలత. నాలుగైదు రౌండ్లకి ఒకసారి దాన్ని అందుకున్నవాడు బాగా ఆడుతున్నట్టే. మిగతా రోజుల్లో అందుకోలేకపోవడం ఆటలో భాగం. మీ 98 నిజమే, అది మీ చేతుల్లోంచే వచ్చింది. కానీ అది ప్రతి వారం రావాలని ఏ నియమమూ చెప్పలేదు.

ఇంజనీరు కాబట్టి ఇంకో లెక్క చూడండి. పార్, అంటే నిర్ణయించిన దెబ్బల లెక్క, 72 ఉన్న కోర్సులో పద్దెనిమిది హోల్స్‌లో ప్రతిదానికీ పార్ కంటే రెండు ఎక్కువ కొడితే 108. మీ హ్యాండీక్యాప్ 36 అనుకుంటే ఆట మీకు హోల్‌కి రెండు దెబ్బలు అదనంగా ఇస్తోంది. కార్డు మీద పార్ 4 అని ఉన్నది మీకు 6. నాలుగు వందల గజాల హోల్‌లో రెండు దెబ్బలకే గ్రీన్ చేరాలని డ్రైవర్‌తో బలమంతా పెడుతున్నారు కదూ? నూట నలభై గజాల చొప్పున మూడు దెబ్బలు కొడితే అక్కడికే చేరతారు. అలా వెళ్లేవాడి బంతి అంత తేలిగ్గా పోదు. టీ నుంచి కొట్టిన బంతి దొరక్కుండా పోతే ఒక దెబ్బ శిక్ష, పైగా మళ్లీ టీ దగ్గర నుంచే కొట్టాలి. రౌండులో అలాంటివి మూడు ఆగితే ఆరు దెబ్బలు మిగిలినట్టే. కొత్త డ్రైవర్‌ని రెండు నెలలు బ్యాగ్‌లోనే ఉండనివ్వండి.

రేంజ్ సంగతి. అక్కడ ఒకే క్లబ్బుతో, చదునైన చోట, ఒకే వైపు యాభై సార్లు కొడతారు. ఇరవయ్యో బంతికి చేతులు సర్దుకుంటాయి, వచ్చేసిందనిపిస్తుంది. కోర్సులో మొదటి బంతే అసలు బంతి, రెండోసారి కొట్టే అవకాశం లేదు. అందుకే వంద బంతులు వద్దు. నలభై చాలు. ప్రతి బంతికీ క్లబ్బు మార్చండి, గురి మార్చండి, వెనక్కి నడిచి వచ్చి మళ్లీ నిలబడండి. మొదట్లో రేంజ్‌లో కూడా చెడిపోయినట్టే ఉంటుంది. ఉండనివ్వండి, నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. వీడియోలు పూర్తిగా ఆపేసి, ఒక్క కోచ్ చెప్పిన ఒక్క మార్పుని మూడు నెలలు పట్టుకోండి.

మిగిలిన సమయమంతా పట్టర్‌కి ఇవ్వండి. పార్‌లో హోల్‌కి రెండు పట్‌లు ముందే కలిపి ఉంటాయి, అంటే 72లో 36 గ్రీన్ మీదే. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఎనిమిది అడుగుల నుంచి ప్రపంచస్థాయి ప్రొఫెషనల్ కూడా దాదాపు సగం సార్లే వేయగలడు. అక్కడ మీ బంతి పక్కకి పోయినందుకు పళ్లు కొరుక్కోవలసిన పని లేదు. దూరం నుంచి కొట్టిన బంతిని మూడడుగుల లోపు ఆపడం నేర్చుకోండి, మూడో పట్ అవసరం తగ్గుతుంది.

కోపం సంగతికొస్తే, అమెరికా గోల్ఫర్ బాబీ జోన్స్ గురించి చెప్పాలి. కుర్రతనంలో క్లబ్బులు విసిరేవాడని పేరుపడ్డాడు. 1921లో, 19 ఏళ్ల వయసులో, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ మూడో రౌండులో పదకొండో హోల్ దగ్గర బంకర్‌లో చిక్కుకుని మధ్యలోనే ఆట వదిలేశాడు. ఆ పని గురించి తర్వాత ఎంతో సిగ్గుపడ్డాడు. కానీ ఆట మానలేదు. 1927లో అదే కోర్సులో ఓపెన్ గెలిచాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు ప్రధాన టైటిళ్లు గెలిచాడు. డబ్బు కోసం పోటీపడలేదు, ఆ టైటిళ్లన్నీ మీలాగే అమెచ్యూర్‌గానే గెలిచాడు. 1958లో సెయింట్ ఆండ్రూస్ ఊరు ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

అయితే ఆయన చెడగొట్టుకున్నది తన ఆటను. మీరు నొప్పించింది మనిషిని. ఆట సంగతి తర్వాత చూసుకుందాం, ఇది మాత్రం ఆగకూడదు. మీకు అన్నం సయించలేదంటే తప్పు మీకు తెలిసిందనే. తెలిసిన విషయం ఆయనకి కూడా తెలియాలి. టిప్పు ఎక్కువ ఇచ్చి సరిపెట్టకండి. "అన్నా, ఆ రోజు నేను తప్పు మాట్లాడాను, క్షమించు" అని నలుగురూ వినేలా అనండి, అరిచింది కూడా నలుగురి ముందే కదా. ఆయన ఒప్పుకుంటే ఏ హోల్‌లో ఏ క్లబ్బు తీయాలో ఆయన్నే అడగండి. ఆ నేల మీద మీకంటే ఎక్కువ నడిచిన మనిషి.

ఈ ఆదివారమే వెళ్లండి. ముందు ఆయనతో మాట్లాడి, ఆ తర్వాతే టీ మీద బంతి పెట్టండి.