కూలితల్లి బిడ్డకు నీడ

విస్సన్నపేట

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీవు ఐ.సి.డి.ఎస్.లో సూపర్‌వైజరుగా మన మండలమునకే రాబోవుచున్నావని మీ నాన్న చెప్పిన నాటినుండి ఉత్తరము వ్రాయదలంచుచునే యుంటిని. నిన్న సాయంకాలము పత్తిచేలనుండి మరలివచ్చు కూలిస్త్రీలలో ఒకామె చంకన పసిబిడ్డతో, ఆ వెనుకనే ఎనిమిదేండ్ల పిల్ల అన్నపు గిన్నెతో నడచుచుండగా చూచిన పిమ్మట ఇక నాగలేకపోతిని.

మామిడితోటలు పూతకు వచ్చినవి. మూడు నెలలలో బంగినపల్లియు, రసములును కోతకు వచ్చును. మగవారు చిక్కములతో కాయ దింపగా, ఆడువారు దానిని ఏఱి, రకములు వేఱుచేసి, పెట్టెల కెత్తుచుండ, పసిబిడ్డ కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో, దానికి కావలిగా అక్క! ముప్పదేండ్లు బడిలో హాజరు పిలిచినవాడను. పత్తి తీతల కాలమున ఆడుపిల్లల పేళ్ల కెదురుగా వరుసగా గైరుహాజరు పడుచుండగా తొలుత అశ్రద్ధ యనుకొంటిని, ఇంటింటికి పోయి విచారింపగా ప్రతి వాకిటను ఒక్కటే సమాధానము: “చంటిదాన్ని చూసుకోవాలి గదండీ!”

అంగన్‌వాడీలు లేవా యని నీవనవచ్చును. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐ.సి.డి.ఎస్. మన పల్లెలకు చేసిన మేలు కన్నులార చూచితిని. కాని అక్కడ కూర్చుండి ఆటపాటలు నేర్చువారు మూడేండ్లు నిండినవారు. అంతకు చిన్నబిడ్డకు ఇంటికి పోషకాహారము పంపుదురే గాని, పగలంతయు ఆ బిడ్డను పట్టుకొనువా రుండరు. తల్లి కూలిని, అక్క చదువును మ్రింగివేయుచున్నవి ఆ తొలి యేండ్లే.

కావున, అమ్మా, పసిబిడ్డలను పగలు చూచుకొను క్రెష్‌లలో చేర్చుకొనుటకు అర్హత యను మాటను మొదట చక్కగా గ్రహింపుము. 2006లో మొదలైన రాజీవ్‌గాంధీ జాతీయ క్రెష్ పథకము పనిచేయు తల్లుల కుద్దేశింపబడినది. తల్లిదండ్రుల ఆదాయము నెలకు 12,000 రూపాయలు మించరాదనియు దానిలో నియమ ముండెడిది. ముఠామేస్త్రి పిలిచిననాడు పని, పిలువనినాడు పస్తుగా బ్రదుకు స్త్రీ, తాను పనిచేయుచున్నానని ఏ కాగితము తేగలదు? 2022లో మిషన్ శక్తిలో భాగముగా వచ్చిన పాల్నా పథకము ఆ చిక్కు తీసివేసినది: తల్లి ఉద్యోగ మెట్టిదైనను, ఆఱు నెలలనుండి ఆఱేండ్ల వఱకు గల బిడ్డను చేర్చుకొనవచ్చును. నీ బల్లయొద్దకు వచ్చిన తల్లిని జీతపు సర్టిఫికెట్టు తెమ్మని ఎన్నడును త్రిప్పిపంపకుము. ముప్పదిమందికి మించి స్త్రీలున్న ఫ్యాక్టరీకి 1948 చట్టమును, ఏబదిమంది పనివారున్న సంస్థకు 2017 ప్రసూతి ప్రయోజన సవరణయు క్రెష్ విధించినవి గాని, మామిడిచెట్టు క్రిందికి ఆ చట్టములు రాలేదు.

ధనము సంగతి. పూర్వము స్వచ్ఛంద సంస్థలు నడుపు క్రెష్‌లకు నూటికి తొంబది కేంద్రమే యిచ్చెడిది. 2017లో కేంద్రము 60, రాష్ట్రము 30, సంస్థ 10గా మార్చిన పిమ్మట అనేక కేంద్రములు మూతపడినవి. ఇప్పుడు పాల్నాలో కేంద్రము 60, రాష్ట్రము 40. కేంద్రపు వాటా తనంత తాను నడచిరాదు. రాష్ట్రము తన వాటా చూపి, ఇన్ని అంగన్‌వాడీలను క్రెష్‌లుగా మార్చెదమని అడుగవలెను. రాష్ట్రము అడుగవలెనన్న జిల్లా చెప్పవలెను. జిల్లాకు చెప్పవలసినదానవు నీవు. నోటిమాట చాలదు, లెక్క కావలెను. ఒక్కొక్క పేటలో మూడేండ్లలోపు బిడ్డ లెందఱు, వారి తల్లులు తోటకు ఏ వేళకు పోదురు, ఏ వేళకు మరలుదురు, ఆ వేళ బిడ్డ ఎవరి చేతిలో నుండునో స్వయముగా విచారించి వ్రాసికొనుము. పాల్నా పథకమున దినమునకు ఏడున్నర గంటలు, నెలకు 26 దినములు. కోతకూలి తెల్లవారకమునుపే బయలుదేఱును గనుక, తొమ్మిదింటికి తలుపు తెఱచు కేంద్రము ఆమెకు మూసిన కేంద్రమే. వేళ మార్పింపుటకు పట్టుపట్టుము.

ఇరువదియైదుగురు పసివారికి ఒక కార్యకర్త, ఒక ఆయా యనుట నాకు న్యాయముగా తోపదు. ఆ ఇద్దఱి జీతము ఆలస్యమైన నెలలో వారి పక్షమున మొదటి అర్జీ నీదిగా నుండవలెను. రిజిస్టరులో రాని బిడ్డను వచ్చినట్లు ఎవ్వరు చెప్పినను వ్రాయకుము. ఆ దొంగలెక్క బయటపడిననాడు నిజముగా వచ్చు బిడ్డల కేంద్రము కూడ మూతపడును.

ఇచ్చటి తోటల యజమానులలో కొందఱు నా యొద్ద చదివినవారు. కోతకాలమున నీడగల గదియు, త్రాగునీరును ఇమ్మని వారిని అడుగు పూచీ నాది. నీవు మాత్రము ఉద్యోగములో చేరిన వారముననే లెక్క మొదలిడి, ఈ పూత పిందెగా మాఱులోపల ముగించి, ఒక ప్రతి నాకు పంపుము.

ఇట్లు ఆశీస్సులతో,
మీ పెదనాన్న