హేమంతంలో మన్యపు నడక: అర్ధశక్తియే హద్దు

మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. ఈ రెండు నెలల్లో నా వద్దకు వచ్చే గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “పిల్లలకు సెలవులు వస్తున్నాయి. అరకు వెళ్ళాలనుకుంటున్నాం, లంబసింగి వెళ్ళాలనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ళనొప్పులు, నాన్నగారికి రక్తపుపోటు. ఆ చలిలో నడవవచ్చునా?” నడవవచ్చును. నడవడానికి సంవత్సరంలో ఇంతకన్న మంచి కాలం లేదు. అయితే ఎట్లా నడవాలో తెలిసి నడవాలి.

బయటి చలి శరీరాన్ని చుట్టుకొన్నప్పుడు లోపలి వేడిమి బయటకు పోలేక కోష్ఠంలోనే నిలిచి జఠరాగ్నిని ప్రజ్వలింపజేస్తుందని మన ఆచార్యులు చెప్పారు. అందుచేతనే చలికాలంలో ఆకలి అధికం, బలమూ అధికం. చరకుడు, వాగ్భటుడు ఈ ఋతువులో తైలాభ్యంగనాన్ని, వ్యాయామాన్ని, స్నిగ్ధమైన ఆహారాన్ని విధించడానికి కారణమిదే. కాని రగిలిన అగ్నికి ఇంధనం అందకపోతే అది ధాతువులనే దహిస్తుంది, దానివలన వాతం ప్రకోపిస్తుంది. పరగడుపున మూడు నాలుగు గంటలు కొండలెక్కితే కొవ్వు కరుగుతుందని నేడు చాలామంది భావిస్తున్నారు. హేమంతంలో అది తగని పని. బయలుదేరే ముందు ఒక చిమ్మిలి ఉండో, వేడి రాగిజావో కడుపులో పడాలి. మన్యంలో చోడి అంబలి తాగి పొలానికి పోయేవారిని చూడండి. వారికి ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు.

ఇక వ్యాయామం ఎంత? అర్ధశక్తి వరకు. అనగా మనలో ఉన్న బలంలో సగం. ఆ సగాన్ని తెలుసుకోవడానికి శాస్త్రం గుర్తులు చెప్పింది. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, ఊపిరి నోటితో తీయవలసిరావడం. ఇవి కనిపించినచోట ఆగాలి. మా గురువుగారు దీనినే ఇంకా సులభం చేశారు. మార్గశిరంలో మమ్మల్ని మూలికల కోసం కొండలకు తీసుకొనిపోయినప్పుడు దారిపొడవునా పాఠం వల్లె వేయించేవారు. ఎవరి గొంతు తడబడితే అక్కడ అందరూ కూర్చోవలసిందే. మాలో ఒక స్థూలకాయుడుండేవాడు, అతని నడకే మా అందరి నడక. ఆ రోజుల్లో విసుగనిపించేది. కుటుంబాలతో కొండకు వెళ్ళేవారికి నేను ఈనాడు చెప్పే మొదటి నియమం అదే.

సుఖమైన దారులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండప్రాంతంలో అన్ని వయసులవారికీ తగిన నడకలున్నాయి. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నప్పటికీ లోయ నడుమ నేల చాలవరకు చదును. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసెపూలు పసుపు పరచినట్లు పూస్తాయి. ఆ చేల మధ్య బండిదారులవెంట గంటసేపు నడవడానికి మోకాళ్ళనొప్పులున్నవారు సైతం జంకనక్కరలేదు. చేనులోకి దిగేముందు రైతును అడగండి, ఫొటోకోసం పైరు తొక్కవద్దు. అనంతగిరి ప్రాంతంలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగలు ఉంటాయి. అక్కడ నడిచిన పిల్లలకు మిరియం ఎక్కడ కాస్తుందో పాఠం చెప్పనక్కరలేదు. జలపాతాల దారులు, చాపరాయి వంటి చోట్లు మాత్రం వేరు. తడిసిన బండ నునుపుగా ఉంటుంది, ఏటా ఎవరో ఒకరు జారుతూనే ఉంటారు. పెద్దలు ఒడ్డున కూర్చుని చూస్తే చాలు.

లంబసింగి చలికి ప్రసిద్ధం. మూడు వేల అడుగుల ఎత్తు. కొన్ని సంవత్సరాలలో రాత్రి ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. దీనిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకొన్నవాడు తెల్లవారేసరికి కొర్రువలె బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అక్కడినుండి తాజంగి జలాశయం వైపు పోయే దారి నెమ్మదిగా నడిచేవారికి అనుకూలం. చెరువులవేనం కొండ అట్లా కాదు. మబ్బులు పాలసముద్రంవలె క్రింద పరచుకొన్న దృశ్యం చూడాలంటే సూర్యోదయానికి ముందే ఎక్కాలి. అంటే అత్యంత శీతలమైన వేళ, నిద్రచాలని కళ్ళతో, తొందరగా ఎక్కాలి. ఆ కొండపై జరిగిన ఒక విషయం పాఠకులకు చెప్పవలసి ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం రెండు కుటుంబాలం కలిసి వెళ్ళాం. వారిలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులొకరు, నాకు చిరకాల మిత్రులు. అరవై నాలుగేళ్ళు, మధుమేహం ఉన్నది. ఆయనను క్రిందనే ఉండమనవలసినవాడిని నేను. “నెమ్మదిగా ఎక్కుదాం, రండి” అన్నాను. సగం దూరం పోకమునుపే ఆయన ఒక రాతిపై కూర్చున్నారు. “ఏమీ లేదు శాస్త్రిగారూ, రాత్రి పులిహోర ఎక్కువ తిన్నాను, వాయువు పట్టినట్టుంది” అన్నారు. నుదుట చెమట చూశాను. అర్ధశక్తి లక్షణమే కదా అనుకొన్నాను. సంచిలోని శొంఠికషాయం ఇచ్చి అయిదు నిమిషాలు వేచి చూశాను. చేయి పట్టుకొంటే చల్లగా, జిగటగా ఉన్నది. శ్రమతో పట్టిన చెమట వెచ్చగా ఉండాలి. అంతలో దవడ లాగుతున్నదన్నారు. వెంటనే నలుగురం మోసుకొని దించి, జీపులో నర్సీపట్నం, అక్కడినుండి విశాఖపట్నం చేర్చాం. గుండె రక్తనాళం మూసుకొన్నదన్నారు, స్టెంటు వేశారు. బ్రతికారు, ఇప్పటికీ మా ఇంటికి వస్తారు. ఆయన ఆ సంగతి మరచిపోయారు. ఆ అయిదు నిమిషాలు నేను మరువలేదు.

చలిగాలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపుపోటు పెరుగుతుంది, గుండె అధికంగా పనిచేయవలసివస్తుంది. దానికి ఎగుడుదారి తోడైతే లోపల దాగిన వ్యాధి బయటపడుతుంది. మధుమేహులలో గుండెనొప్పి నొప్పిగా తెలియకనే పోవచ్చు. ఆయాసం, చల్లని చెమట, వాంతి వచ్చునట్లుండడం, ఇవే దాని రూపం. ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో ప్రాకే లాగుడు కనిపిస్తే శొంఠి కోసం, వాము కోసం వెదకకండి. నడిపించకుండా దించి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. గుండెజబ్బు, అదుపులేని రక్తపుపోటు ఉన్నవారు కొండదారి పట్టేముందు తమ వైద్యుని అడిగి తీరాలి. వారికి నడక ఎండ కాసిన తరువాతనే, అదీ చదునునేలమీదనే. మధుమేహులు మందు మానకుండా, భోజనవేళ తప్పకుండా ఉండాలి. జేబులో గ్లూకోజు గాని, బెల్లంముక్క గాని ఉంచుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందును సంచి అడుగున కాక చేతికందేచోట పెట్టుకోవాలి, ముక్కుకు నోటికి మెత్తని గుడ్డ చుట్టుకోవాలి.

నడిచే ముందు, తరువాత

నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి ముందురోజు సాయంకాలం కాళ్ళకు, నడుముకు, భుజాలకు మర్దన చేసి, పావుగంట తరువాత శనగపిండితో రుద్ది వేడినీటితో స్నానం చేయాలి. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్నవారికి ఇది పనికిరాదు. నడకరోజున ఒకే మందపు స్వెట్టరుకన్న పలుచని వస్త్రాలు రెండు మూడు పొరలుగా ధరిస్తే వేడెక్కినకొద్దీ విప్పవచ్చు. చెమటతో తడిసిన బట్టను వెంటనే మార్చాలి. 

ఫ్లాస్కులోకి కషాయం ఇట్లా కాచుకోండి. లీటరు నీటిలో రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, ఒక చెంచా శొంఠిపొడి వేసి, ముప్పావు లీటరు మిగిలేవరకు మరిగించి వడకట్టాలి. తాటిబెల్లం రుచికి చాలినంత. మధుమేహులకు బెల్లం వద్దు. కడుపులో పుండు, మంట ఉన్నవారికి శొంఠి పావుచెంచా చాలు. చింతపల్లి ప్రాంతంలో పిప్పలి పండిస్తారు, దాని వేళ్ళను మోడి అంటారు. కొని తెచ్చుకొన్నవారు దానిని రోజూ నెలల తరబడి వాడకండి. పిప్పలిని అతిగా సేవించరాదని చరకుడే హెచ్చరించాడు.

మన్యంలో మలేరియా భయం ఉన్నది. రాత్రి దోమతెర లేకుండా పడుకోవద్దు. పచ్చికపై నేరుగా కూర్చోక దుప్పటి పరచుకోండి, గడ్డిలోని నల్లికుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఉన్నది. తిరిగివచ్చిన కొన్ని వారాలలోపల జ్వరం వస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించుకోండి. ఏజెన్సీకి వెళ్ళివచ్చామని వైద్యునికి మీరే ముందుగా చెప్పాలి, ఆయన అడుగుతారని ఎదురుచూడవద్దు.

బసకు చేరాక పాదాలను గోరువెచ్చని నీటిలో కడిగి, వ్రేళ్ళసందులు తుడిచి, పొక్కులున్నవేమో దీపం వెలుతురులో చూసుకోవాలి. మధుమేహులకు ఈ పని ఇంట్లోవారు చేయాలి, వారికి స్పర్శ తెలియకపోవచ్చును. పొక్కు లేని పాదానికి నువ్వులనూనె రాసి, నూలుమేజోళ్ళు తొడుక్కొని నిద్రించండి. మరునాడు కొండ ఎక్కవలసి ఉన్నా, మీలో ఎవరికి పిక్కలు ఇంకా పట్టివేసి ఉన్నవో వారిని అడిగి, వారితో కలిసి ఆ పూట వలిసెచేల దారినే నడవండి.