ఒకే సీటు, రెండు చెల్లింపులు: బుకింగ్ వెనుక ఏం జరుగుతుంది?

సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. దసరాకు సొంతూరు రావాలంటే ముందు టికెట్ దొరకాలి. నగరానికి దక్షిణాన ఉన్న ఉన్‌లో ఒకరు, లింబాయత్‌లో మరొకరు హైదరాబాద్ బస్సులో మిగిలిన చివరి సీటును ఒకే క్షణంలో నొక్కారనుకుందాం. ఇద్దరి ఖాతాల్లోంచీ డబ్బు పోయి, సీటు ఒకరికే దక్కితే ఎలా?

సీట్ల లెక్క తేలకపోవడం ఆన్‌లైన్ బుకింగ్ కంటే పాత చిక్కే. 2005 దీపావళికి ఫణీంద్ర సామ అనే ఇంజినీరుకు బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు బస్సు టికెట్ దొరకలేదు. అప్పట్లో సీట్లు ఏజెంట్ల మధ్య పంచి ఉండేవి. ఒకరి దగ్గర అయిపోతే, ఇంకొకరి దగ్గర ఖాళీ ఉన్నా తెలిసేది కాదు. ఆయన ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ఇలా సీట్ల సమాచారం ఒకచోటికి చేరితే ప్రయాణికులూ ఒకేసారి అక్కడికే వస్తారు. రైల్వే 2014లో ఈ-టికెట్ వ్యవస్థను మార్చి, నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచాల్సి వచ్చింది.

రద్దీని తట్టుకునే ఒక పద్ధతి, పనిని విడగొట్టడం. బస్సు వెతకడం, సీటు ఆపడం, డబ్బు తీసుకోవడం, టికెట్ పంపడం ఒక్కొక్కటీ విడి ప్రోగ్రాం అవుతుంది. వీటినే మైక్రోసర్వీసులంటారు. పండగ ముందు పదిమంది వెతికితే కొనేది ఒకరిద్దరే కావచ్చు. అప్పుడు వెతికే విభాగానికి మాత్రమే యంత్రాలు పెంచితే చాలు. రోజుకు నాలుగు బస్సులు నడిపే ఆపరేటర్‌కు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు.

విడిపోయిన విభాగాలు మాట్లాడుకునేందుకు మెసేజ్ క్యూ ఉంటుంది. ఇది రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. అందినట్టు సంతకం వచ్చేదాకా సందేశం వరుసలోనే ఉంటుంది, రాకపోతే మళ్లీ వెళ్తుంది. చిక్కూ ఇక్కడే ఉంది. పని పూర్తయ్యాక సంతకం దారిలో పోతే అదే సందేశం రెండోసారి వస్తుంది. ‘రూ. 1,500 తీసుకో’ అన్న సందేశం రెండుసార్లు అమలైతే ప్రయాణికుడి జేబుకు చిల్లే. అందుకే ప్రతి బుకింగ్‌కూ ఒక సంఖ్య ఇస్తారు. చెల్లింపు విభాగం ముందు ఆ సంఖ్యను చూసి, పని అయిపోయిందని తెలిస్తే ఊరుకుంటుంది.

అయితే అన్నింటినీ క్యూలో పెట్టకూడదు. ఎస్సెమ్మెస్ నిమిషం ఆలస్యమైనా నష్టం లేదు. సీటు సంగతి వేరు. ‘ఖాళీగా ఉందా’ అని చూడటం, ‘ఇతనికి ఆపాను’ అని రాయడం డేటాబేస్‌లో విడదీయరాని ఒకే అడుగుగా జరగాలి. అప్పుడు ఉన్, లింబాయత్‌లలో ఒకరికే సీటు ఆగుతుంది, రెండోవారు చెల్లింపు దాకా వెళ్లనే వెళ్లరు. ఆపిన సీటుకు కొన్ని నిమిషాల గడువు ఉంటుంది.

గడువు దాటాక డబ్బు చేరితే? అన్ని విభాగాలనూ ఒకేసారి వెనక్కి తిప్పే మీట లేదు. కాబట్టి ప్రతి అడుగుకూ దాన్ని రద్దుచేసే మరో అడుగు ముందే రాసిపెడతారు. డబ్బు తీసుకోవడానికి జంట, డబ్బు తిరిగివ్వడం. హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలం 1987లో ప్రతిపాదించిన ఈ పద్ధతి పేరు ‘సాగా’.

ఆ వాపసు సందేశమే పదేపదే విఫలమైతే దాన్ని వేరే వరుసలోకి తప్పిస్తారు. ఆ వరుసను ఒక మనిషి తెరిచి చూడాలి. ప్రయాణికుడు తన బుకింగ్ సంఖ్య దాచుకుని ఉంటే, వెతకాల్సిన సందేశం వారికి త్వరగా దొరుకుతుంది.